బ్రేకుల్లో గాలి

సోమవారం పొద్దున మా బ్యాండు వ్యాను ఫిట్‌నెస్ పరీక్ష తప్పింది. పరీక్ష చేసే అమ్మాయి వ్యాను కిందకి దూరి, బయటికొచ్చి, నా మొహంలోకి ఓసారి చూసి, "ఎనిడ్, ఆ సైలెన్సర్‌కి చుట్టింది బీన్స్ డబ్బానా?" అంది. అవునన్నాను. జనవరిలో నేనే చుట్టాను. కడిగే చుట్టాను. "పైన కాగితమైనా పీకాల్సింది, ఏ కంపెనీ బీన్సో కూడా తెలిసిపోతోంది" అని నవ్వు ఆపుకుంటూ తప్పుల పట్టీ రాసిచ్చింది.

మూడు తప్పులు. సైలెన్సర్ పైపు చిల్లులు పడింది. ముందు ఎడమ చక్రానికి వెళ్లే బ్రేకు పైపు తుప్పు తిని రేపో మాపో అన్నట్టుంది. హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు. గురువారం ఎనిమిదిన్నరకి మళ్లీ తీసుకురమ్మంది. అది దాటితే వచ్చే వారందాకా ఆమెకి ఖాళీ లేదట. చుట్టుపక్కల గ్యారేజీలన్నీ అడిగాను. ఈ వారం ఎవరికీ తీరిక లేదు.

నాకు శుక్రవారం వ్యాను కావాలి. ఏ శుక్రవారమైనా కాదు, ఏడాదికోసారి వచ్చే విట్ శుక్రవారం. ఆ సాయంత్రం మా కొండల్లో ప్రతి ఊరూ బ్యాండు పోటీ పెడుతుంది. బ్యాండ్లన్నీ ఊరి నుంచి ఊరికి పరుగులు పెట్టి, ఒక మార్చ్ నడుస్తూ వాయించి, ఒకటి నిలబడి వాయిస్తాయి. మార్కులు వేసే పెద్దమనిషి ఓ కారవాన్ బండిలో కిటికీ తెరలు మూసుకుని కూర్చుంటాడు, వాయిస్తున్నది ఎవరో కనపడకూడదని. మా స్లేడెన్ బ్యాండుకి ఇప్పుడు పందొమ్మిది మందే మిగిలారు. నలభై ఒక్క ఏళ్లుగా అందులో నేను టెనార్ హార్న్ వాయిస్తున్నాను. ఆ వాయిద్యం ఉందని వాయించేవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. ఈ ఏడు బ్యాండుని నడిపించే మా కండక్టర్‌కి మోకాలు మార్చారు. కొత్తాయన సెప్టెంబరులో వస్తాడు. మధ్యలో ఈ ఒక్క శుక్రవారం ముందు నిలబడి చెయ్యి ఊపడానికి ఎవరో ఒకరు కావాలని ఓట్లు వేస్తే నా పేరొచ్చింది. నాకు అరవై ఆరేళ్లు. ఇంకో శుక్రవారం రాదు. అద్దం ముందు ఊపి ఊపి నెలరోజుల్లో కుడి భుజం పట్టేసింది. పెద్ద డ్రమ్మూ, బేసులనే పెద్ద బూరలూ, స్టాండ్లూ మోసే వ్యాను కదలకపోతే మేం పోటీ మానుకోవాల్సిందే.

కాబట్టి వ్యానుని ఇంటికి తెచ్చి, మా ఇంటి పక్క సందులో ఇటుకల మీదకి ఎక్కించాం. బాగుచేయడానికి ఇద్దరు మగాళ్లున్నారు నాకు. ఒకడు మా ఆయన హెడ్లీ, డెబ్బై ఏళ్లు, బస్సు డిపోలో ముప్ఫై ఎనిమిదేళ్లు బ్రేకులు చూశాడు. బ్యాండులో యుఫోనియం అనే ఇత్తడి బూర వాయిస్తాడు. రెండోవాడు మా అన్న క్లెమ్, ఆయనకంటే రెండేళ్లు చిన్న, పైపుల పనివాడు, ఇంట్లో వెల్డింగ్ సామానుంది. బ్యాండులో బేసు వాయిస్తాడు. బ్రేకులు మా అన్నకి చేతకాదు. వెల్డింగు మా ఆయనకి చేతకాదు. ఇద్దరూ కావాలి. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే మొహాలు చూసుకోరని కాదు. బ్యాండులో పక్కపక్క కుర్చీలే. ఒకడు పేజీ తిప్పితే ఇంకొకడు అదే పేజీ చూసి వాయిస్తాడు. ఎదురెదురుగా కూర్చుని నా వంట తింటారు, క్రిస్మస్‌కి తప్ప. క్రిస్మస్ భోజనం మటుకు రెండు బంతులు. మాట అంటూ ఉంటే అది నా ద్వారానే. "మీ అన్నకి చెప్పు", "మీ ఆయనకి చెప్పు". తొమ్మిదేళ్లుగా నేను వీళ్ల పోస్టాఫీసుని.

మంగళవారం సైలెన్సర్ పని. మా అన్న వ్యాను కింద వెల్లకిలా పడుకుని నా బీన్స్ డబ్బా కోసి తీశాడు. మా ఆయన పక్కనే బకెట్ బోర్లించి దానిమీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇద్దరికీ మధ్య మూడడుగులు.

"మీ అన్నకి చెప్పు," అన్నాడు మా ఆయన, "పైన డీజిల్ ట్యాంకు అనేది ఒకటుందని. నిప్పు కాస్త ఇటు పెట్టమని."

"మీ ఆయనకి చెప్పు," అంది వ్యాను కింది గొంతు, "ఆయన బస్సులకి గాలి కొడుతున్న రోజుల్లోనే నేను ఆసుపత్రి బాయిలర్లకి వెల్డింగ్ చేశానని."

"చేశాడులే, ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదని చెప్పు."

"వినపడిందిరా బాబూ మీ ఇద్దరికీ, ఇక నేను చెప్పేదేముంది!" అన్నాను.

"చెప్పలేదు కదా నువ్వు," అన్నాడు మా అన్న. ఆ పట్టింపు అలాంటిది. నేను చెబితేనే విన్నట్టు. లేకపోతే గాలి వీచినట్టు.

సందులోంచి పోయే ప్రతివాడూ ఆగి, గోడ మీద మోచేతులు ఆనించి, "ఏంటి, బండి పోయిందా?" అని అడిగి పోతున్నాడు. చక్రాలు ఊడదీసి, ఒక మనిషి కాళ్లు కింది నుంచి బయటికి ఉంటే ఇంకేమనుకున్నారో మరి. సాయంత్రానికి సైలెన్సర్ అతుకు పడింది. స్టార్ట్ చేస్తే పిల్లి గురక పెట్టినట్టుంది. పాతికేళ్ల వ్యాను అంత సన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "మీ అన్నకి చెప్పు, పర్వాలేదని," అన్నాడు మా ఆయన. తొమ్మిదేళ్లలో అది మొదటి మెప్పు. నేను చెప్పాను. మా అన్న మొహం తుడుచుకుంటూ, "మీ ఆయనకి చెప్పు, పర్వాలేదంటే ఏంటో అడిగానని," అన్నాడు.

ఇంతకీ గొడవ ఏంటో చెప్పాలి. నవ్వకండి.

తొమ్మిదేళ్ల కిందట, ఇదే శుక్రవారం, పక్క కొండ మీది హోమ్‌రాయిడ్ ఊరు. అక్కడ చర్చి వీధి నిచ్చెనలా ఉంటుంది. ఆ రోజు వ్యాను తోలింది మా అన్న. వీధి పైన ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, బేసు భుజాన వేసుకుని దిగిపోయాడు. ఆ హ్యాండ్ బ్రేకు తీగ అంతకుముందు వారమే మా ఆయన కొత్తది వేశాడు. మేం కింద వాయిస్తున్నాం. రెండో మార్చ్ సగంలో వ్యాను తనంతట తాను బయల్దేరింది. చప్పుడు లేకుండా, మర్యాదగా వీధి దిగి, చర్చివాళ్ల టీ బల్లలు పడదోసి, నాలుగు వందల శాండ్‌విచ్‌లు తొక్కుకుంటూ వెళ్లి, గుర్రాల నీళ్ల తొట్టికి ముక్కు ఆనించి ఆగింది. ఒక్క మనిషికి గీరుకోలేదు. పాస్టర్‌గారు మాత్రం బైబిల్లో లేని మాటొకటి అన్నారు.

వెనక తలుపులు తెరుచుకుని సామానంతా రోడ్డున పడింది. అందులో మా మామగారి యుఫోనియం ఉంది. గనిలో పనిచేస్తూ వారం వారం కూడబెట్టి కొనుక్కున్నది. మా ఆయన ఏటా ఆ ఒక్క రోజు దాన్ని వెంట తెచ్చి, చివరి ఊళ్లో దాంతో వాయించేవాడు. అది స్టాండ్ల పెట్టె కింద పడి పళ్లెమైంది. మా ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, మా అన్న వైపు తిరిగి, "హ్యాండ్ బ్రేకు వెయ్యడం కూడా చేతకాదురా నీకు?" అన్నాడు. "నువ్వు వేసిన తీగ అది, తెగిపోయుంటుంది!" అన్నాడు మా అన్న. ఆ తర్వాత ఒకరితో ఒకరు ఒక్క మాట అనలేదు. తీగ విప్పి చూస్తే తేలిపోయేది. తను వేసిన దాన్ని తనే అనుమానించడమా అని మా ఆయన ససేమిరా విప్పనన్నాడు. ఆయన విప్పడం మాట అటుంచి, ఆ రాత్రే దొంగతనంగా ఇంకో తీగ మార్చేసి ఉంటాడని మా అన్న లోలోపల తేల్చేసుకున్నాడు.

ఇప్పుడు, తొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పని సంగతి. మా అన్న దిగి వెళ్లాక నేను టోపీ మర్చిపోయి వ్యాను దగ్గరికి వెనక్కి వెళ్లాను. పోటీ కాపలా మనిషి ఒకాయన వచ్చి, "అమ్మా, పక్క బ్యాండు బస్సు తిరగట్లేదు, ఒక్క రెండు గజాలు ముందుకి జరపండి" అన్నాడు. ఎక్కాను. హ్యాండ్ బ్రేకు వదిలి రెండు గజాలు జరిపి, మళ్లీ లాగాను. ఒంటి చేత్తో. రెండో చేతిలో పోర్క్ పై ఉంది, అదే, పంది మాంసం కూరి కాల్చిన రొట్టె. లివరు అడుగున పళ్ల చక్రంలో టక్, టక్, టక్ అని మూడు పళ్లే పట్టింది. అది గట్టిగా లాగితే ఎనిమిది పడుతుంది. కింద మా వాళ్లు ఈల వేశారు, నేను పరిగెత్తాను.

చెప్దామనే నోరు తెరిచాను. జేబులో దాచిన పై ముక్క కంగారులో అప్పుడే నోట్లో కుక్కుకున్నాను. అది మింగేసరికి వాళ్లిద్దరూ ఒకణ్ణొకడు నరకానికి పంపేశారు. రేపు చెబుదాం అనుకున్నాను. తర్వాత వారం అనుకున్నాను. ఏడాది తిరిగాక, ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటారు కదా అనిపించింది. అలా తొమ్మిదేళ్లు కబుర్లు మోశాను. అది నా శిక్ష అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. శిక్షలా లేదు లెండి, అలవాటైపోయింది.

బుధవారం పొద్దున మా అన్న ముందు చక్రానికి కొత్త బ్రేకు పైపు వంచి బిగించాడు. ఇక బ్రేకుల్లో గాలి తీయాలి. ఆ పనికి ఇద్దరు ఉండాలి. ఒకడు పైన కూర్చుని పెడల్ నొక్కి పట్టుకోవాలి. రెండోవాడు కింద చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తే ఆయిల్‌తో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. మర బిగించేదాకా పైవాడు కాలు తీయకూడదు. తీశాడా, వెళ్లిన గాలి మళ్లీ లోపలికి పోతుంది. మా ఆయన కింద, మా అన్న పైన. నేను మధ్యలో, నా కేకు పళ్లెంలో బ్రేకు ఆయిల్ పట్టుకుంటూ.

"నొక్కమను," అన్నాడు మా ఆయన.

"అన్నయ్యా, నొక్కు."

"నొక్కానని చెప్పు."

"నొక్కాడట."

"పట్టుకోమను."

"పట్టుకో అన్నయ్యా."

"ఇక వదలమను. ఆగు ఆగు, వద్దు! ఇంకా బిగించలేదు!"

"అన్నయ్యా, వద్..." అనేలోపు మా అన్న కాలు తీసేశాడు. "వదలమనే చెప్పావుగా" అన్నాడు పైనుంచి.

"నేను చెప్పనేలేదు! ఆయనన్నాడు!"

"ఆయనన్నది నాకెందుకు వినబడుతుంది?"

ఇలా మూడు గంటలు. రెండు సీసాల బ్రేకు ఆయిల్ అయిపోయింది. పెడల్ నొక్కితే దూది దిండు తొక్కినట్టుంది. ప్రపంచంలో ఎన్ని వ్యాన్లకి ఎన్ని రకాలుగా బ్రేకులు పాడయ్యాయో నాకు తెలీదు గానీ, బావా బావమరుదులు అలిగినందుకు గాలి ఎక్కిన వ్యాను ఇదొక్కటే అయ్యుంటుంది. "ఒక్కసారి, ఒక్కసారి సూటిగా చెప్పుకుని చావండి!" అని అరిచాను. గోడ మీద మోచేతులు ఆనించిన పక్కింటాయన మెల్లగా చేతులు తీసుకుని వెళ్లిపోయాడు. వీళ్లకి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

"తప్పు మనది కాదు," అన్నాడు మా ఆయన లేచి. "వెనక చక్రంలో ఎక్కడో కారుతోంది. ఎలాగూ హ్యాండ్ బ్రేకు చూడాలి. బ్రేకు డ్రమ్ము విప్పుతా."

 తొమ్మిదేళ్లుగా విప్పనని పట్టుబట్టిన డ్రమ్ము, రేపు పొద్దున పరీక్ష అనగా తానే సుత్తి పట్టుకుని కొడుతున్నాడు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న ఒక్క కారణమూ చెప్పేది కాదు.

నాలుగు దెబ్బలకి డ్రమ్ము ఊడింది. లోపలంతా ఆయిల్. బ్రేకు సిలిండర్ రబ్బరు చిరిగి, కారి, బ్రేకు షూలు నానిపోయాయి. హ్యాండ్ బ్రేకు పట్టకపోవడానికి అదీ అసలు సంగతి. మా ఆయన గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. తీగ చివర చిన్న ఇత్తడి బిళ్ల ఉంది. వాళ్ల డిపోలో అదొక అలవాటు. కొత్త భాగం ఏది వేసినా దానికి ఒక బిళ్ల కట్టి తేదీ, పేరులో మొదటక్షరాలు కొడతారు, తర్వాత ఎవరూ బుకాయించకుండా. మా ఆయన బొటనవేలితో దాన్ని రుద్ది, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి చదివాడు.

"ఎనిడ్, ఇలా రా. చదువు."

చదివాను. హోమ్‌రాయిడ్‌కి ఆరు రోజుల ముందు తేదీ. ఆయన అక్షరాలు. తీగ తళతళలాడుతోంది. ఒక్క పోగు తెగలేదు.

"చెప్పు మీ అన్నకి," అన్నాడు.  "అదే తీగ అని చెప్పు. మార్చలేదని చెప్పు. తొమ్మిదేళ్లు లాగినా తెగని తీగ, ఆరు రోజులకి తెగిందట అని చెప్పు."

మా అన్న అప్పటికే దిగి వచ్చాడు. వంగి బిళ్ల చూశాడు. నేను దెబ్బలాట కోసం చూశాను. ఎగిరి పడతాడనుకున్నాను. పడలేదు. తన కుడి చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"గట్టిగానే లాగానే ఎనిడ్," అన్నాడు. "మణికట్టు కలుక్కుమంది, అదీ గుర్తుంది. అంతా గుర్తుందే నాకు."  "ఏమో. నాన్న కూడా చివర్లో లేనివన్నీ గుర్తున్నాయనేవాడు. అయితే నేనేనేమో. శుక్రవారం నేను రానులే. నాలాంటివాడి చేతికి వ్యాను ఇవ్వకూడదు."

పైపులు వంచే పనిముట్టు గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన గెలిచాడు కదా, గెలిచినవాడి మొహం కాదది. గుడ్డ చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

నిజం చెప్పేస్తున్నాను, ఆ క్షణంలో కూడా లెక్క వేశాను. చెబితే ఇద్దరూ పోతారు, చెప్పకపోతే ఒక్కడే పోతాడు. ఒక్క బేసు లేకపోయినా శుక్రవారం జరుగుతుంది. నా చెయ్యి లేస్తుంది. అంత నీచంగా ఆలోచించాను. కానీ మా అన్న ఆ పనిముట్టుని చుట్టిన గుడ్డ విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ విప్పుతున్నాడు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయినట్టు. అది చూడలేకపోయాను.

"నేను వేశాను హ్యాండ్ బ్రేకు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నువ్వు దిగి వెళ్లాక, టోపీ మర్చిపోయి వచ్చి, నేను వ్యాను జరిపాను అన్నయ్యా. బస్సు తిరగట్లేదంటే రెండు గజాలు. నువ్వు గట్టిగానే వేశావు, వదలడానికి నానా తంటాలు పడ్డాను. తిరిగి వేసేటప్పుడు సగమే లాగాను. మూడు పళ్లు."

"సగమేంటి?" అన్నాడు మా అన్న.

"రెండో చేతిలో పై ఉంది."

"ఏ పై?"

"పోర్క్ పై."

పక్కింటి రేడియోలో క్రికెట్ వస్తోంది. ఎవరో ఔటయ్యారు. జనం చప్పట్లు కొడుతున్నారు. మా అన్న ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు.

"నోరా పోయింది ఎనిడ్," అన్నాడు. నోరా అంటే మా వదిన, పోయి నాలుగేళ్లయింది. "నోరాని పాతిపెట్టిన రోజు ఈయన గేటు దగ్గర వానలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. తనే రావాలి, నేనెందుకు పిలవాలి అనుకున్నాను. ఈయన లేకుండా నా పెళ్లాన్ని పాతిపెట్టుకున్నాను. నువ్వప్పుడు నా పక్కనే నిలబడ్డావు. నా చెయ్యి పట్టుకుని నిలబడ్డావే."

  సిగ్గుతో చచ్చిపోయాను. మామూలుగా ఏదో ఒకటి అని నవ్వించి తప్పించుకునేదాన్ని. ఆ రోజు కేకు పళ్లెంలో ఆయిల్ వంక చూస్తూ నిలబడ్డాను.

మా అన్న తలెత్తాడు. నా వైపు కాదు.

"బావా," అన్నాడు. "విన్నావా?"

మా ఆయన గుడ్డ కింద పడేశాడు. "విన్నాను."

"పై అట."

"అదే. మా నాన్న యుఫోనియం, పై." మా ఆయన మా అన్న వైపు తిరిగాడు. "ఆ రోజు వాన కాదురా, వడగళ్లు. లోపలికి వద్దామనే వచ్చాను. గొళ్లెం దాకా వచ్చింది చెయ్యి."

"తెలుసు. చూశాను."

"సిలిండర్ కావాలి," అన్నాడు మా ఆయన. "షూలు కూడా. కొట్టు ఐదింటికి కట్టేస్తారు."

"నా కారుంది."

ఇద్దరూ వెళ్లిపోయారు. నా వైపు చూడనేలేదు. టౌనుకి పోయి రావడానికి నలభై నిమిషాలు. గంటా ముప్పావు తర్వాత వచ్చారు, సిలిండరూ షూలూ పట్టుకుని, మూతులు నూనెతో మెరుస్తూ. కారు నిండా వేపుడు చేప వాసన, వినిగర్ వాసన. నాకొక్క చిప్సు ముక్క తేలేదు.

నేను కేకు పళ్లెం పట్టుకుని ముందుకెళ్లాను.

"మీ చెల్లెలికి చెప్పు," అన్నాడు మా ఆయన, "అక్కర్లేదని."

మా అన్న నా వైపు తిరిగాడు, కానీ నా భుజం పైనుంచి గోడకేసి చూస్తూ, "అక్కర్లేదట," అన్నాడు.

గుమ్మంలో కూర్చుని చూశాను. కొత్త సిలిండర్ పడింది, షూలు పడ్డాయి, డ్రమ్ము బిగిసింది.

"నొక్కరా."

"నొక్కా."

"పట్టు... పట్టు... వదులు."

"మళ్లీ?"

"మళ్లీ. పట్టు. పట్టుకోరా, కాలికి తిమ్మిరెక్కిందా?"

"నీ వయసు రానీ, అప్పుడు చూద్దాం."

"నా వయసు నీకెలా వస్తుందిరా, దద్దమ్మా!"

ఇరవై నిమిషాల్లో నాలుగు చక్రాల బ్రేకుల్లో గాలీ పోయింది. పెడల్ రాయిలా నిలబడింది. ఇద్దరూ వ్యానుకి వీపులు ఆనించి నేల మీద కూర్చుని, ఒకే సీసాలో బీరు తాగారు. నాకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషంలో నాకు చోటు లేదు, అంతే.

గురువారం వ్యాను పరీక్ష నెగ్గింది. "ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి!" అంది ఆ అమ్మాయి. "మా ఇల్లు వచ్చి చూడు," అన్నాను. ఇంట్లో మా ఆయన టీ పెట్టుకుంటే ఒక్క కప్పే పెట్టుకుంటున్నాడు. తలగడ మధ్యలో అడ్డం పెట్టాడు. ఉప్పు కావాలంటే లేచి వెళ్లి తెచ్చుకుంటాడు గానీ నన్నడగడు. మా అన్న ఫోన్ చేస్తే, "బావకివ్వు" అని ఒక్క మాట. వాళ్లకి ఆ హక్కుంది. తొమ్మిదేళ్లు చేస్తారేమో, లెక్క అదే కదా.

శుక్రవారం సాయంత్రం మా మొదటి ఊరు హోమ్‌రాయిడ్. వ్యాను తోలింది మా అన్న. చర్చి వీధి పైన ఆపి హ్యాండ్ బ్రేకు లాగుతుంటే, పక్క సీట్లోంచి మా ఆయన పళ్లు పైకి లెక్కపెట్టాడు. ఎనిమిది. దిగి నాలుగు చక్రాలకీ నాలుగు ఇటుకలు పెట్టారు. తాళం తీసి మా ఆయన కోటు లోపలి జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. "మీ చెల్లెలికి చెప్పు, టోపీ మర్చిపోతే బోడి తలతోనే చెయ్యి ఊపమను." మా అన్న చెప్పాడు. నా టోపీ నా నెత్తిమీదే ఉంది.

కిందకి నడిచాం. నీళ్ల తొట్టి పక్కన కారవాన్, కిటికీలకి పువ్వుల తెరలు. జనం ఐస్‌క్రీములు చప్పరిస్తూ గోడల మీద కూర్చున్నారు. పందొమ్మిది మంది అర్ధచంద్రంలా నిలబడ్డారు. లేదు, పద్దెనిమిది మంది, నేను ఎదురుగా ఉన్నాను. చెయ్యెత్తాను. భుజం కలుక్కుమంది. రెండు రోజులుగా నా మొహం చూడని ఇద్దరు మగాళ్లు, వెనక వరసలో, బూరలు పెదాలకి ఆనించి, నన్నే చూస్తున్నారు. చూడక ఏం చేస్తారు? చూడకపోతే వాయించలేరు. నా చెయ్యి కిందకి వచ్చింది.

నేను గొప్పగా చేశానని చెప్పను. రెండో భాగంలో కాస్త తొందరపడ్డాను, డ్రమ్మువాడు నన్ను వెనక్కి లాగాడు. కానీ బేసూ యుఫోనియమూ ఒకే ఊపిరితో వాయించాయి. మా వాళ్లలో అలా నేను తొమ్మిదేళ్లుగా వినలేదు. ఆఖరి స్వరం మీద చెయ్యి మూసి, అలాగే నిలబడిపోయాను. చప్పట్లు కొట్టారు.

బూర నుంచి నీళ్లు వంపుతూ మా ఆయన పక్కకి తిరిగాడు. నాకు మూడడుగుల దూరంలో ఉన్నాడు.

"మీ చెల్లెలికి చెప్పు," అన్నాడు, "పరిగెత్తిందని. పర్వాలేదని కూడా చెప్పు."

ప్రతి మాటా వినబడింది. అయినా విననట్టే నిలబడి, మా అన్న వచ్చి చెప్పేదాకా ఆగాను.